లైవ్‌లో వచ్చిన విన్నపం

శుక్రవారం రాత్రి ప్రార్థనల్లో నా చోటు ఫోన్ స్టాండు పక్కన. ఆడవాళ్ల వరుస చివర, ప్లగ్గుకి దగ్గరగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంటుంది. కరోనా కాలంలో ఎవరూ చర్చికి రాలేని రోజుల్లో పాస్టరుగారు ఫోనులో ఆరాధన చూపించడం మొదలుపెట్టారు. ఆ ఫోను ఎలా పట్టుకోవాలో, మైకు ఎక్కడ గుచ్చాలో ఎవరికీ తెలియలేదు. పగలు మందుల షాపులో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను కాబట్టి నాకు తెలుస్తుందనుకుని నా చేతిలో పెట్టారు. కరోనా పోయింది, లైవ్ మాత్రం నిలబడిపోయింది. మా సంఘం చిన్నది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద టైర్ల దుకాణం పైన రేకుల హాలు. హాల్లో కూర్చునేవాళ్లకంటే కువైట్‌లో, ఖతర్‌లో పనులకు పోయి అక్కడ నుంచి చూసేవాళ్లే ఎక్కువ.

రాత్రి ప్రార్థనంటే నాకు ఇష్టం. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. చెన్నై బస్సు నడుపుతాడు. వారంలో సగం రాత్రులు ఇల్లు ఖాళీ. ఒక్కదాన్నే ఉంటే వంటింట్లో లైటు వెయ్యకుండా నిలబడి, ఒక చేత్తో బొరుగులో, మిగిలిన పులుసన్నమో తింటూ, రెండో చేత్తో ఫోను తోసుకుంటూ పొద్దుపుచ్చుతాను. ఎవరి పెళ్లిళ్లో, ఎవరి వంటలో, ఎవరి గొడవలో చూస్తుంటే రాత్రి సగం అయిపోతుంది. కడుపు నిండినట్టూ ఉండదు, ఆకలి ఉన్నట్టూ ఉండదు. చర్చిలో అయితే ప్రార్థన అయ్యాక అందరం కింద కూర్చుని, పాస్టరమ్మ చేసిన ఉప్మా, శెనక్కాయల చట్నీ వేడివేడిగా తింటాం. అర్ధరాత్రి నలుగురితో కూర్చుని తిన్నది వేరేగా ఒంటికి పడుతుంది.

ఆ రాత్రి ఉప్మా ఇంకా పొయ్యి మీదికి ఎక్కలేదు. పాస్టరుగారు వాక్యం చెబుతున్నారు. నేను కామెంట్లు చూస్తున్నాను. నా పని అదే. ఆపరేషను ఉందనో, వీసా రావాలనో, బిడ్డకు జ్వరమనో ఎవరైనా విన్నపం రాస్తే, చివర్లో పాస్టరుగారికి చెప్పాలి. ఎప్పటిలాగే ఆమేన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పైకి పోతున్నాయి. వాటి మధ్యలో ఒకటి కనిపించింది. ఫోటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వు బొమ్మ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

"నాకోసం ప్రార్థన చెయ్యొద్దండి. రేపటికి నేను ఉండను. మా అమ్మకోసం చెయ్యండి."

నేను రెండోసారి చదివేలోపు దాని కింద ఎవరో ఆమేన్ అని పెట్టారు. ఆ తర్వాత ఇంకొకరు. చదవకుండా పెట్టారని నాకు తెలుసు. నేనూ ఎన్నోసార్లు అలాగే పెట్టాను. అయినా ఆ మాట కింద ఆ ఆమేన్ చూడలేకపోయాను.

ముందు ఆ కామెంటు నలుగురికీ కనపడకుండా తీసేశాను. తర్వాత మా చర్చి పేజీ ఇన్‌బాక్స్‌లోంచి ఆ పువ్వు బొమ్మకు రాశాను. ఏం రాయాలో తోచలేదు. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని రాయబోయి చెరిపేశాను. ఆ మాట ఆమె అప్పటికే వంద చోట్ల చదివి ఉంటుంది. చివరికి నాకు అలవాటైన ప్రశ్న రాశాను.

"తిన్యావా పాపా?"

పాస్టరుగారి గొంతు పెరుగుతోంది. జనం హల్లెలూయా అంటున్నారు. నా కళ్లు ఫోను తెర మీదే ఉన్నాయి. అప్పుడు వచ్చింది.

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నించి."

"యాడ ఉండావు?"

జవాబు లేదు. నేను అడగకూడనిది అడిగానేమో అనిపించింది. తిండి మాటకే తిరిగి వచ్చాను. "ఇప్పుడు పెడితే ఏం తింటావు?" అన్నాను. ఈసారి వెంటనే రాసింది.

"వడకర్రి. మా ఊర్లో చేస్తారు."

వడకర్రి అంటే నగరి వైపు అయి ఉండాలి. అక్కడ ఇడ్లీకి అదే నంజుకుంటారు. నగరియా అని అడిగితే భయపడుతుందని అడగలేదు. "నాకు కండ్లద్దాలు లేవు, చదివేకి కష్టంగా ఉండాది. గొంతు పంపు" అని రాశాను. అబద్ధమే. నాకు ఆమె గొంతు వినాలనిపించింది.

వాయిస్ మెసేజ్ వచ్చింది, స్టాండు మీదున్న ఫోనుకే చెవి ఆనించాను. ముందు ఊపిరి. తర్వాత, "ఏం చెప్పల్లక్కా. చెప్పేకేమీ లేదు." ఆ మాట వెనకాల ఒక మగగొంతు గట్టిగా అరుస్తోంది. "చిత్తూరు, చిత్తూరు! పూతలపట్టు, చిత్తూరు!" డ్రైవరు పెళ్లాన్ని. ఆ కేక తిరుపతి బస్టాండులో ఏ వైపు వినిపిస్తుందో నాకు తెలుసు.

చిక్కేమిటంటే ఆ పిల్లతో మాట్లాడుతున్న ఫోనూ, లైవ్ నడుస్తున్న ఫోనూ ఒకటే. పేజీ తెరిచే పాస్‌వర్డు ఆ ఫోనులోనే ఉంది. అది పట్టుకుని పోవాలంటే లైవ్ ఆపాలి. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. అడిగేకి సమయం లేదు. స్టాండు నుంచి ఫోను ఊడబీకాను.

మొదట చూసింది సంఘ పెద్ద. ఆయన సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన. హాలుకు రేకులు వేయించింది ఆయనే. లేచి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఏమ్మా, ప్రార్థన మధ్యలో కోసేస్తివే! కువైట్‌లో అందరూ చూస్తా ఉండారు గదా" అన్నాడు.

"ఒక బిడ్డ ప్రాణం మీదికొచ్చిందయ్యా" అన్నాను. ఇంకేమీ చెప్పకుండా మెట్లు దిగాను.

పాస్టరమ్మ కింద పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమెది పూతలపట్టు దగ్గర పల్లె. సభలో నోరు విప్పదు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె కత్తి కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, "స్కూటీ తాళం ఆ మేకుకి ఉండాది, తీసుకో మే" అంది.

స్కూటీ ఆమే నడిపింది. వెనకాల కూర్చుని నేను రాస్తూనే ఉన్నాను. నేను వస్తా ఉండాను. నాకూ ఆకలిగా ఉండాది. ఇద్దరం తిందాం. ఒక్కదానికీ జవాబు లేదు. చదివినట్టు మాత్రం గుర్తు పడుతోంది. రైల్వే గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. పాస్టరమ్మ హారన్ మీద వేలు పెట్టి తియ్యడం లేదు. రైలుకి హారన్ కొట్టి ఏం లాభమని నేను అనలేదు. ఆమె ప్రార్థన ఆ రోజు అలా ఉంది. గేటు ఎత్తేలోపు ఇంకో మెసేజ్ వచ్చింది.

"మీరు రావద్దక్కా. ఫోన్ ఆపేస్తా ఉండా."

ఆ తర్వాత నేను పంపినవి చేరనేలేదు.

తిరుపతి బస్టాండుకి రాత్రీ పగలూ తేడా లేదు. కొండ దిగినవాళ్లు గుండ్లతో, లడ్డూ సంచులు తలకింద పెట్టుకుని నేల నిండా పడుకుని ఉన్నారు. పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఫోను చూస్తూ కూర్చున్న ఆడపిల్లలు ఎక్కడ చూసినా ఉన్నారు. మేం వెతికే పిల్ల ముఖం మాకు తెలియదు, పేరు తెలియదు. ఇప్పుడు ఆమె ఫోను కూడా పనిచెయ్యదు. చిత్తూరు బస్సులు ఆగే వైపు నుంచి మొదలుపెట్టి నేను ఒక్కో బెంచీ దగ్గరికి పోయి ముఖాల్లోకి చూశాను. ఒకామె, "ఏం కావాలమ్మా నీకు?" అని కసురుకుంది. ఇంకో పిల్లను చెయ్యి పట్టుకుని అడిగితే ఆమె అరవంలో ఏదో అని చెయ్యి విదిలించుకుంది. ఎవరినైనా పోలీసును పిలుద్దామంటే ఏమని చెప్పాలి? వడకర్రి ఇష్టమైన పిల్ల అనా?

నగరి బస్సు ఎక్కుతున్నవాళ్లను చూస్తుంటే పాస్టరమ్మ నా మోచెయ్యి గిల్లింది.

స్తంభం పక్క బెంచీ మీద నుంచి ఒక పిల్ల లేచింది. ఫ్యాక్టరీ చొక్కా, మెడలో కార్డు. కార్డు తీసి బ్యాగు మీద పెట్టింది. బ్యాగు అక్కడే వదిలేసి రోడ్డు వైపు నడుస్తోంది. తొందరేమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆమె వైపు చూడటం లేదు.

పాస్టరమ్మే గట్టిగా అరిచింది. "ఓ పాపా! నీ బ్యాగు మర్చిపోయినావు మే!"

ఆ పిల్ల నిలబడింది. వెనక్కి తిరిగి, "అది నాది కాదు" అంది. వాయిస్ మెసేజ్‌లో విన్న గొంతే.

పాస్టరమ్మ ఆ బ్యాగు తీసి తన భుజానికి తగిలించుకుంది. ఆమె దగ్గరికి పోయి, ముందునుంచీ ఎరిగిన మనిషితో మాట్లాడినట్టు, "నీది గాదంటే గాదులే. మా ఇద్దరికీ ఆకలేస్తా ఉండాది. రా, తినేసి పోదువు" అని చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల విడిపించుకోలేదు. అలాగని కదలనూ లేదు. బస్సు ఒకటి మా పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. తర్వాత ఆమె పాస్టరమ్మ వెంట నడిచింది.

గేటు బయట ఒక ముసలామె ఇడ్లీ బండి ఉంది. వడకర్రి లేదు. వేడి ఇడ్లీ, కారప్పొడి, నీళ్ల చట్నీ. ముగ్గురం బండి వెనక స్టూళ్ల మీద కూర్చున్నాం. ఆ పిల్ల మొదటి ముక్క చాలాసేపు నమిలింది. తర్వాత గబగబా తినేసింది. పాస్టరమ్మ తన ప్లేటులోవి కూడా ఆమెకే వేసింది. ఎవరం ఏమీ అడగలేదు. ప్లేటు ఖాళీ అయ్యాక, చెయ్యి కడుక్కుని, కడుక్కున్న చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పాస్టరమ్మ ఇంటికి తీసుకుపోయాక చెప్పింది. వాళ్లది నగరిలో మగ్గాల ఇల్లు. ఆమె శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ హాస్టల్లో ఉంటోంది. తనతోపాటు పనిచేసే ఒకతను పెళ్లి చేసుకుంటానన్నాడు. వద్దంది. కొన్నాళ్లకు ఆమె ఫోటోలతో, ఆమె పేరుతో ఒక అకౌంటు పుట్టింది. అందులోంచి ఆమె బంధువులకూ, అన్న స్నేహితులకూ రాయకూడని మాటలు పోయాయి. ఆమె రాయలేదని ఎంత చెప్పినా అన్న నమ్మలేదు. "ఇంటికి రావద్దు" అన్నాడు. అమ్మ ఫోను ఎత్తడం లేదు. అన్న ఎత్తనివ్వడం లేదేమో. ఇంటికి పోదామనే బస్టాండుకి వచ్చింది. బస్సు ఎక్కలేకపోయింది. హాస్టల్లో తన గదిలో ఉండే పిల్ల మా లైవ్ పెట్టుకుని వింటుందట. అది గుర్తుకొచ్చి తెరిచిందట.

"మీ దేవుడు నాకు తెలీదక్కా. ఎవురో ఒకరికి చెప్పాలనిపించింది" అంది.

"తెలీకపోతే ఏమి, పడుకో" అంది పాస్టరమ్మ, దుప్పటి కప్పుతూ.

అక్కడితో గండం గడిచిందనుకున్నాను. తెల్లారేసరికి వచ్చింది అసలు గొడవ.

నేను కామెంటు తీసేసేలోపే ఎవరో దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నారు. మంచి ఉద్దేశంతోనే. ప్రార్థించండి అని రాసి ఒక గ్రూపులో వేశారు. రాత్రి మేం ఆ పిల్లను ఇంటికి తెచ్చాక పాస్టరుగారు ఆందోళనపడి సంఘ పెద్దకు విషయం చెప్పారు. ఆయన దానికి తన మాటలు కలిపారు. మన సంఘం ద్వారా దేవుడు నగరి నుంచి వచ్చిన ఒక ఫ్యాక్టరీ అమ్మాయిని కాపాడాడు, ఆదివారం ఆ సోదరి సాక్ష్యం ఉంటుంది, లైవ్ తప్పక చూడండి. ఆ మాటలూ, ఆ పువ్వు బొమ్మా కలిసి గ్రూపు నుంచి గ్రూపుకి తిరిగాయి.

నేను టిఫిను పట్టుకుని పాస్టరమ్మ ఇంటికి పోయేసరికి ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఫోను. అన్న పంపాడు. ఆ ఫార్వర్డు కింద ఒక్క మాట రాశాడు. "మతం గూడా మారినావా?"

నన్ను చూసి అడిగింది. "మీరు గూడా నన్ను జనంలో పెట్టినారా అక్కా?"

నేను కాదని చెప్పొచ్చు. నేను పెట్టలేదు కూడా. కానీ ఆ మాట ఆమెకు ఎందుకు? పెట్టింది మావాళ్లే. "తీయిస్తాను" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆమె మళ్లీ బ్యాగు భుజానికి వేసుకుంది. పాస్టరమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆమెను దాటి పోవాలంటే చేట తొక్కాలి. ఆ పిల్ల కాసేపు నిలబడి, బ్యాగు దించి, ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజంతా మేమిద్దరం మార్చిమార్చి ఆమెను కనిపెట్టుకుని ఉన్నాం. బాత్రూముకి పోయి ఆలస్యమైతే తలుపు దగ్గరికి పోయి ఏదో ఒక మాట అడిగేవాళ్లం. నేను షాపుకి సెలవు పెట్టాను.

ఆదివారం ఉదయం సంఘ పెద్ద తెల్ల చొక్కా వేసుకుని ముందే వచ్చాడు. "ఆ పాప యాడ? ముందు వరుసలో కూర్చోబెట్టండి" అన్నాడు. హాలు ఎప్పుడూ లేనంతగా నిండింది. కొత్త ముఖాలు కూడా కనిపించాయి. అందరూ ఆమెను చూడటానికి వచ్చినవాళ్లే. నేను ఫోను స్టాండుకి బిగించి, లైవ్ మొదలుపెట్టకుండా కూర్చున్నాను.

"పెట్టమ్మా, అందరూ అడగతా ఉండారు" అన్నాడు ఆయన.

"పెట్టను" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది దేవుని పని. నువ్వెవరు ఆపేదానికి?" అన్నాడు.

అప్పుడు పాస్టరమ్మ లేచింది. ఆమె సభలో నిలబడి మాట్లాడగా నేను అంతకు ముందు చూడలేదు.

"ఆ బిడ్డ రాదు. మా ఇంట్లో ఉండాది, అన్నం తింటా ఉండాది. ఆమె బొమ్మ ఎవురో జనంలో పెట్టినారనే ఆమెకు సావాలనిపించింది. మళ్లా మనమూ అదే పని జేస్తిమి. మీ ఫోన్లలో ఉండేదాన్ని తీసేయండి. ఎవురికి పంపినారో వాళ్లకు గూడా జెప్పండి. అది అయినాక పాట పాడదాం."

సంఘ పెద్ద పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన ఎటు చెబుతాడోనని నేనూ చూశాను. హాలుకు రేకులు వేయించిన మనిషి ఒకవైపు, భార్య ఒకవైపు. పాస్టరుగారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత తన జేబులోంచి ఫోను తీసి, కళ్లజోడు పెట్టుకుని, దాన్ని వెతికి తీసేశారు. "అట్లనే చేద్దాం" అన్నారు. కొందరు తీశారు. కొందరు తీసినట్టు నటించారు. సంఘ పెద్ద లేచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ రోజు లైవ్ లేదు.

సోమవారం ఆ పిల్లతో కలిసి పోలీసు స్టేషనుకి పోయాను. అక్కడ కూర్చున్న లేడీ కానిస్టేబుల్ మొదట విసుగ్గానే అడిగింది. తర్వాత ఆ దొంగ అకౌంటులో రాసినవి చదువుతూ చదువుతూ, కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇది నువ్వు రాసింది గాదని నాకు అర్థమవతా ఉండాది, నువ్వు ఏడవద్దు" అంది. ఆ మాట ఆ పిల్లతో అంతవరకు ఇంటివాళ్లెవరూ అనలేదు. అకౌంటు కొన్నాళ్లకు పోయింది. అతనిమీద కేసు నడుస్తోంది. ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఫ్యాక్టరీవాళ్లు అతన్ని వేరే షిఫ్టుకి మార్చారు, అంతే. ఈమె ఆ ఉద్యోగం మానేసింది.

ఆ పిల్ల అమ్మ ఒక్కసారి వచ్చింది. కొడుకుకి చెప్పకుండా, తిరుత్తణి పోతున్నానని చెప్పి, బస్సు దిగి అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. తల్లీ కూతుళ్లు పాస్టరమ్మ వంటింట్లో తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఆమె మా ఇద్దరి వైపూ చూసి, ఏమనాలో తెలియక, "బిడ్డ కొంచెం ఒళ్లు జేసింది" అంది. పోతూ పోతూ కూతురి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఆ పిల్ల చిత్తూరులో ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర పనిచేస్తోంది. మా చర్చికి రాదు, మేమూ రమ్మనలేదు. అప్పుడప్పుడు డాక్టరు దగ్గరికి పోయి మాట్లాడి వస్తుంది. నిద్ర పడుతోందంటుంది. సంఘ పెద్ద మాత్రం మళ్లీ వచ్చి తన కుర్చీలో కూర్చుంటున్నాడు. ఎదురుపడితే వందనాలు అంటాడు, నేనూ అంటాను. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

పోయిన నెల పాస్టరమ్మకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ పిల్ల అన్న. పోలీసులు పిలిపించి అన్నీ చూపించాక అప్పుడు అర్థమైనట్టుంది. "మా పాప నంబరు మార్చేసింది. కొంచెం ఇస్తారామ్మా?" అన్నాడట. ఆమెనడిగి చెబుతానంది పాస్టరమ్మ.

ఆ పిల్లకు నేనే ఫోను చేసి చెప్పాను. అవతల ఎవరో రోగి పేరు పిలుస్తున్నారు. ఆమె ఫోను పక్కన పెట్టి, వాళ్లకు చీటీ రాసిచ్చింది. నాకు మళ్లీ భయమేసింది.

"ఇయ్యొద్దక్కా" అంది చివరికి. "ఇంకా కొన్నాళ్లు పోనీ. నేనే చేస్తాను."

గొంతు గట్టిగానే ఉంది. మేం ఇవ్వలేదు.